రెండున్నర నూలు

మేస్త్రీ పోయారన్న మాట బుధవారం పొద్దున తెలిసింది. అప్పుడు నేను అంగడి షట్టరు సగం ఎత్తి పట్టుకుని ఉన్నాను. ఎదురుగా టీ కాచే ఆమె పొయ్యి వదిలి రోడ్డు దాటి వచ్చింది. "అక్కా, మేస్త్రీ మామ లేడంట. తెల్లార్తో నమాజుకు లేచి, కాళ్ళు చేతులు కడుక్కోని మంచం మీద కూర్చున్యాడంట. మల్ల లేయలేదంట" అంది. ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారని చెప్పారు. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు లోపల చాపల మీద కూర్చుని ఉన్నారు. కిటికీ అవతల మగవాళ్ళు కుర్చీల్లో మాట్లాడుకుంటున్నారు. ప్రొద్దుటూరులో ఆయన చెయ్యి పడని లారీ లేదని ఒకరన్నారు. ఆయన చెవికి అందని ఇంజను జబ్బు లేదని ఇంకొకరన్నారు. తర్వాత వేరే గొంతు వినిపించింది.

"అంతా నిజమే గానీ అప్పా, కడాకు ఆ పులివెందులాయన అమెరికా కారు కాడ పేరు పోగొట్టుకున్యాడు."

"కండ్లు కనపడనప్పుడు ఇడ్సిపెట్టాల. మనిషికి ఆశ."

"ఆశ కాదులే, మొండితనం. ఆ పొద్దు మనుషులే పోవాల్సింది."

నా పక్కనే మేస్త్రీ కూతురు ఉంది. ఆ మాటలు ఆమె కూడా విన్నది. తల మీది పమిట చెంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. ఆ ఇంట్లో అసలు సంగతి తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. నాలుగడుగులు వేసి కిటికీ దగ్గర నిలబడి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా గొంతు మొదటి నుంచీ చిన్నది. చర్చిలో వాక్యం చదవమంటే కూడా వెనక వరసలకు వినపడదు.

పదో తరగతి పరీక్షల తర్వాత నేను రాసిందల్లా అంగడి సరుకు చీటీలు, చర్చిలో ప్రార్థన విన్నపాల చీటీలు. అయినా కిటికీ అవతల కూర్చున్నవాళ్ళకి ఎలాగైనా చెప్పాలి గనుక, గొంతు చేయలేని పని కాగితంతో చేస్తున్నాను. ఆ కారు విషయంలో తప్పు మేస్త్రీ కళ్ళది కాదు. నాది.

మా అంగడి ఇనుప సామాన్లది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు కమ్మీ, కట్టుడు తీగ, మేకులు, మెకానిక్కులకు నట్లు, బోల్టులు. అంగడికీ మేస్త్రీ షెడ్డుకూ మధ్య ఒకే గోడ. ఆ గోడలో చేయి పట్టేంత సందు ఉంది. నా భర్త బతికి ఉన్నప్పుడు బోల్టులు ఆ సందులోంచే అటు పోయేవి. చుట్టుపక్కల అందరికీ మేస్త్రీ మామే. నాకు కూడా మామే. నేను పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆయన నన్ను పాపా అనే పిలిచారు, నా తల నెరిసిన తర్వాత కూడా.

ఆయన పనిచేసే పద్ధతి వేరుగా ఉండేది. విప్పిన బోల్టు నేల మీద పెట్టేవారు కాదు. ఒక పాత దుప్పటి పరిచి, ఏ చోట విప్పింది ఆ చోటే ఉన్నట్టు వరసగా పేర్చేవారు. దూరం నుంచి చూస్తే దుప్పటి మీద ఇంకో ఇంజను పడుకుని ఉన్నట్టుండేది. నట్టు బిగించేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, "కండ్లు తెరిస్తే వేళ్ళు సోమరివి అయితాయి పాపా" అన్నారు. బండి బాగయ్యాక నేను బాగు చేశాను అనరు. "ఒప్పుకున్యాది" అంటారు, ఆ బండి ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు.

ఆ అమెరికా కారు వచ్చింది నా భర్త పోయిన ఏడాదే. పులివెందుల నుంచి లారీ మీద కట్టి తెచ్చారు. సొంతదారు అక్కడ చీనీ, అంటే బత్తాయి, తోటలున్న పెద్దమనిషి. ఆయన తండ్రికి ఒకప్పుడు ముగ్గురాయి గనులు ఉండేవట. ఆ రోజుల్లో మద్రాసు నుంచి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్న కారు. రెండే తలుపులు, ముందు మనిషి కాళ్ళు చాపి పడుకునేంత బానెట్టు. ముక్కు మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. స్టీరింగు ఎడమ వైపు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, దాని బ్లాకు ఎప్పుడో ఎండల్లో వేడెక్కి పగిలింది. ఇరవై ఏళ్ళుగా కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకుంటున్నాయి.

మేస్త్రీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు, ముట్టుకోలేదు.

"దీనికి సామాను కావాలంటే అమెరికా పోవాలప్పా" అన్నారు.

"ఏదో ఒక ఇంజను పెట్టు. లేచి నడిస్తే చాలు. మా ఆడమనిషిని ఎక్కిచ్చుకోని ఒకసారి ఊరంతా తిప్పాల. కొత్తపెళ్ళికూతురుగా దీంట్లోనే తెచ్చుకుంటిమి" అన్నాడు పెద్దాయన.

"ఏదో ఒకటి పెట్టేదానికి ఇది ఆటో కాదు. నాకు దొరికేదాకా నన్ను అడగొద్దు."

రెండు నెలలకు చెన్నై పాత సామాన్ల బజారు నుంచి జపాన్ ఇంజను ఒకటి తెచ్చారు, ఆరు సిలిండర్లది, గేరుబాక్సుతో సహా. టీ అంగడి దగ్గర అందరికీ అదే కబురు.

"ఏం మామా, అమెరికా గుర్రానికి జపాన్ గుండె పెడతాండావంట?"

"పెడతాండా. నీకు కూడా ఏమన్నా కావాల్నా? బుర్ర ఒకటి దొరికింది, వాడింది గాదు."

"మొదుట నీ కండ్లు మార్చుకో మామా."

అప్పటికి ఆయనకు ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది. రెండో కంటికి ఇంకా కాలేదు. ఆ మాటకు ఆయన కూడా నవ్వారు. 

ఆ పని ఆరు నెలలు పట్టింది. మూడు కొయ్యలు నిలబెట్టి గొలుసు కప్పీతో పాత ఇంజనును పైకి లేపిన రోజు వీధంతా నిలబడి చూసింది. కొత్తది సన్నంగా, పొడుగ్గా ఉంది. కింద నూనె తొట్టి ఇరుసు పట్టీకి తగిలింది. దాన్ని కోసి మళ్ళీ అతికారు. ఇంజను కూర్చునే పట్టీలు లేతు షాపులో నాలుగుసార్లు చేయించి మూడుసార్లు పారేశారు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు తిప్పుడు తీసుకుపోయే పెద్ద ఇనుప షాఫ్టును కోసి పొట్టిగా చేశారు. ముందు కొన జపాన్‌కు అతకాలి, వెనక కొన అమెరికాకు.

"అమెరికాది అంగుళం మాట, జపాన్‌ది మిల్లీమీటరు మాట. ఒకరి మాట ఒకరికి తెలీదు. మధ్యన నేను తెలుగులో నచ్చజెప్తాండా" అనేవారు.

ఆ మాట విని నేను కూడా నవ్వాను. నాకు అందులోని పాఠం ఎక్కలేదు.

అంగుళంలో ఎనిమిదో వంతును మా వైపు నూలు అంటారు. నా భర్త పోయాక అంగడిలో కూర్చోవడానికి నేను నేర్చుకున్న మొదటి ఎక్కం అదే. మూడు నూళ్ళ కమ్మీ అంటే పది ఎం.ఎం., నాలుగు నూళ్ళంటే పన్నెండు, రెండున్నర నూలంటే ఎనిమిది. ఇల్లు కట్టే బేల్దార్లు నూళ్ళలో అడుగుతారు, కంపెనీ చీటీలో ఎం.ఎం. అని ఉంటుంది. రెండూ ఒకటే. అప్పటికి ఎనిమిది నెలలుగా పొరపాటు లేకుండా అమ్ముతున్నాను.

కారు పని ముగిసే రోజు మధ్యాహ్నం గోడ సందులోంచి మేస్త్రీ గొంతు వచ్చింది. "పాపా, రెండున్నర నూలు నట్లు, సన్న మరవి, నాలుగియ్యి. వెనక షాఫ్టు కట్టేదానికి."

నేను 8 అని రాసి ఉన్న డబ్బా తీసి, లోపలి మర, అంటే చుట్లు, సన్నగా ఉన్నవి నాలుగు ఏరి ఆయన అరచేతిలో పెట్టాను. పై అరలో ఇంకో చిన్న డబ్బా ఉంది. దాని మీద నా భర్త చేతి రాతతో 5/16 అని ఉంది. ఆయనకు సరుకు వచ్చిన నెల, సంవత్సరం డబ్బాల మీద రాసే అలవాటు. అది రెండు వేల పదహారు మే నెలలో వచ్చిన పాత సరుకు అనుకుని, నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

కాసేపటికి కారు కిందనుంచి అడిగారు. "కొంచెం బిర్రుగా ఎక్కుతాండాయే పాపా."

"కొత్తవి మామా" అన్నాను.

"ఆఁ, కొత్తవా" అని బిగించేశారు.

ఆయన వేళ్ళు సరిగ్గానే చెప్పాయి. వాటి మాట పక్కన పెట్టి నా మాట నమ్మారు.

మర్నాడు పెద్దాయన భార్యతో వచ్చాడు. ఆమె పట్టుచీర కట్టుకుని తల నిండా పూలు పెట్టుకుంది. మేస్త్రీ ఎడమ వైపు స్టీరింగు ముందు కూర్చున్నారు. "కొత్త కాపురం, మెల్లగా పోతాం" అని చేయి ఊపారు. జమ్మలమడుగులో ఆమె అక్క ఇల్లు ఉంది, అక్కడ ఆగి, తర్వాత ముద్దనూరు మీదుగా పులివెందుల. వాళ్ళు కనుమరుగయ్యేదాకా వీధిలో పిల్లలు, పెద్దలు చప్పట్లు కొట్టారు. నేను గుమ్మంలో నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

అర్ధగంట కాలేదు. బోరుబండి మెకానిక్కు ఒకతను వచ్చి రెండున్నర నూలు నట్టు అడిగాడు. ఇచ్చాను. అక్కడే బోల్టుకు ఎక్కించి చూసి, తిరిగి గల్లా మీద పెట్టాడు.

"ఇదేందక్కా, ఎమ్మెమ్ నట్టు ఇస్తాండావు?"

"రెండూ ఒకటే గదప్పా?"

"కమ్మీకి ఒకటే. మరకు ఎట్ల ఒకటయితాది? ఎక్కేటప్పుడు ఎక్కినట్టే ఉంటాది. బరువు పడితే మర తెగి ఊడిపోతాది. అదో, ఆ పైడబ్బీ ఇయ్యి. ఐదు బై పదహారు. అదీ రెండున్నర నూలంటే."

నేను ఆ డబ్బా దించి అతని ముందు పెట్టాను.  "కారు వెనక షాఫ్టుకు ఇవి బిగిస్తే?" అని అడిగాను.

"ఎవురు బిగిచ్చినారు? మెల్లగా పోతాంటే ఊడి ఈడ్సుకుంటాది, నిలబెట్టుకోవచ్చు. కొండ ఎక్కేటప్పుడయితే బండి వెనక్కి జారతాది. స్పీడులో రోడ్డుకు పొడుసుకుంటే ఇంక చెప్పేదేముంది?"

ముద్దనూరు దాటాక ఎక్కుడు దారి ఉంది.

మేస్త్రీకి ఫోను చేశాను. తాళం వేసిన షెడ్డులోపల, గోడకు అవతల మోగింది. బండి నడిపే రోజు ఆయన ఫోను మేకుకు తగిలించి పోతారు. పెద్దాయన నంబరు నా దగ్గర లేదు. ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించేంత బుద్ధి కూడా ఆ సమయాన నాకు లేదు. గల్లా తాళం వేయకుండానే రోడ్డు మీదికి వచ్చాను.

"యాడికమ్మా?" అన్నాడు ఆటో అతను.

"జమ్మలమడుగు. ఇందాక పోయిన ఆ గుర్రం కారును అందుకోవాల."

"ఆటోతోనా? అది అమెరికాదమ్మా."

"పోనియ్యప్పా."

నా ముఖం చూసి అతను ఇంక నవ్వలేదు. దారి పొడుగునా నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడన్నా గీత పడిందా, నూనె కారిందా. ఇరవై మూడో కీర్తన మొదలుపెడితే రెండో వాక్యం గుర్తుకు రాలేదు. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకునే కీర్తన. ఒక మలుపులో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఆటో అతను కూడా వేగం తగ్గించాడు.  దగ్గరికి పోతే టైరు పగిలిన లారీ, దాని పక్కన కిందికి దించిన పత్తి బేళ్ళు. "ఇది కాదమ్మా" అన్నాడు అతను, మెల్లగా, నా బిడ్డ గురించి చెప్పినట్టు.

జమ్మలమడుగులో వీధి మొదట్లోనే కారు కనిపించింది. చుట్టూ జనం ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంజను నడుస్తోంది. స్టీరింగు ముందు మేస్త్రీ లేరు. పెద్దాయన కూర్చుని ఉన్నాడు, పక్కన ఆయన భార్య. ఇక్కడి నుంచి తానే నడుపుకుంటానన్నాడట. మేస్త్రీ బస్సు ఎక్కడానికి సంచి చంకన పెట్టుకుని అరుగు దగ్గర ఉన్నారు. కారు కదలబోతోంది.

ఆపమని అరవాలి. నోరు తెరిచాను, గాలే వచ్చింది. జనాన్ని తోసుకుంటూ పోయి ఆ బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. ఎండకు, ఇంజనుకు అది కాలుతోంది.

పెద్దాయన హారను కొట్టాడు. "ఏయమ్మా, తప్పుకో. పిచ్చిదా ఏంది ఈమె?"

నేను కదల్లేదు. మేస్త్రీ గబగబా వచ్చారు. "ఏం పాపా, అంగడి ఇడ్సిపెట్టి ఈడికొచ్చినావు?"

ఆయనకు మాత్రమే వినపడేట్టు చెప్పాను. "మామా, ఆ నాలుగు నట్లు ఎమ్మెమ్‌వి. కమ్మీ లెక్కన ఇచ్చినా."

ఆయన నా వైపు చూశారు.  ఆపరేషను అయిన కన్ను మెరుస్తోంది, కానిది మసకగా ఉంది. అప్పుడు పెద్దాయన వైపు తిరిగారు.

"అప్పా, ఇంజను ఆపు. అమ్మను కిందికి దించు. నేనొక తప్పు చేసినా."

కార్ల కింద పడుకోవడానికి ఆయన ఎప్పుడూ గోనెసంచి పరుచుకుంటారు. ఆ రోజు వట్టి రోడ్డు మీద పడుకుని వెనక చక్రాల మధ్యకు జరిగారు. కాసేపటికి చేయి బయటికి చాపారు. అరచేతిలో మూడు నట్లు ఉన్నాయి. పానా పెట్టకుండా వేళ్ళతోనే వచ్చాయి. నాలుగోది దారిలో ఎక్కడో పడిపోయింది.

పెద్దాయన ముఖం నల్లబడింది. "లోపల మా ఆడమనిషి కూర్చోని ఉండాది, మేస్త్రీ."

"ఉండాది."

"కండ్లు కనపడకపోతే కనపడవని చెప్పాల. నిన్ను ఎవురు కొడతారు?"

"చెప్పాల్సింది. తప్పే. అంగుళానికీ ఎమ్మెమ్‌కీ తేడా కనపడలేదు నాకు."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరగకుండానే చేయి అడ్డం పెట్టారు. "ఈమె మా పక్కంగడి పాప. డబ్బాలు సర్దుకుంటాంటే తేడా తెలిసి పరిగెత్తుకోని వచ్చింది. దేవుడు పంపిచ్చినాడు" అన్నారు.

పెద్దాయన భార్య కారు దిగి వచ్చి నా చేతులు పట్టుకుంది.  "నువ్వు రాకపోతే మేం ఉందుమా తల్లీ" అంది. కమిలిన నా అరచేతులకు ఆ ఇంట్లోంచి వెన్న తెప్పించి రాసింది. నేను రాయించుకున్నాను. అంతమంది ముందు, మేస్త్రీ బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటూ ఒక్కరే నిలబడి ఉండగా, నేను వెన్న రాయించుకున్నాను.

కారును అక్కడి నుంచే లారీ ఎక్కించి అనంతపురం షెడ్డుకు తీసుకుపోయారు. మేము ఆటోలో తిరిగి వచ్చాము. 

"మామా, నేను పోయి చెప్తా" అన్నాను.

"ఏం చెప్తావు? ఇనుపంగడి ఆమెకు నట్టేదో తెలీదంటే ఊర్లో మెకానిక్కు ఒక్కడన్నా నీ గడప తొక్కుతాడా? నీది కొత్త బండి పాపా, గీత పడితే కొట్టొచ్చినట్టు కనపడతాది. నాది పాతది. ఇంకో గీత పడినా తెలీదు." దిగేటప్పుడు, "నేను ఉండేదాకా ఈ మాట ఎత్తొద్దు" అన్నారు.

ఆయన లెక్క తప్పింది. గీత తెలిసింది. రెండో కంటికి ఆపరేషను చేయించుకుని చూపు కుదిరినా, ఇంజను పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. బస్సులవాళ్ళు వేరే షెడ్డు చూసుకున్నారు. ప్లగ్గులు తుడవడానికి, బెల్టులు మార్చడానికి వచ్చేవాళ్ళు. ఆ పని కూడా ఆయన పాత దుప్పటి పరిచే చేసేవారు. దుప్పటి మీద రెండే సామాన్లు ఉండేవి. గోడ సందులోంచి అది నాకు రోజూ కనిపించేది. ప్రతి సీజనుకూ పులివెందుల నుంచి పెద్దాయన భార్య నాకు ఒక బస్తా చీనీకాయలు పంపేది. నా నోట్లో ఒక్క తొన పెట్టుకోలేదు, చర్చిలో పంచేసేదాన్ని. పాదిరిగారు నా మంచి మనసు గురించి రెండుసార్లు చెప్పారు.

మేస్త్రీ వద్దన్నారు కాబట్టే నోరు విప్పలేదని రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. అంగడి బాగా నడుస్తోంది. ప్రతి ఆదివారం అందరితో కలిసి తప్పు ఒప్పుకోలు ప్రార్థన చెప్పాను. దేవునితో ఒప్పుకోవడం తేలిక, ఆయన ప్రొద్దుటూరులో సరుకు కొనడు.

మూడో రోజు ఫాతెహా ప్రార్థనలు అయిన సాయంత్రం మేస్త్రీ కూతురిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆమె దువ్వూరులో కాపురం ఉంటుంది. మెతక మనిషి. ఆ రోజు మెతకగా లేదు.

"రెండేండ్లు మా నాయనను గుడ్డోడంటాంటే వింటా ఉండినావా అక్కా?"

"విన్నా."

"నేను చెప్పినా ఆయనకు, షెడ్డు మూసేయి, నవ్వుతాండారు అని. ఆ మాటకు రెండు నాళ్ళు అన్నం తినలేదు." ఆమె ఏడవలేదు. "ఇప్పుడు చెప్తే ఎవురికి లాభం? నీకా?"

 పులివెందులకు పోయి చెప్తానన్నాను.  "నేనూ వస్తా. నువ్వు ఆడ కూడా గుసగుసలాడితే నేను గట్టిగా చెప్తా" అంది.

పోయిన శనివారం ఇద్దరం బస్సెక్కాము. పెద్దాయన వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. భార్య నన్ను చూసి నవ్వుతూ లేచింది. నేను కూర్చోలేదు. నిలబడే, ఆగకుండా, డబ్బా మీద రాసిన అంకె దగ్గర నుంచి వెన్న దాకా చెప్పాను. కూతురు గొంతు కలపాల్సిన అవసరం రాలేదు.

పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని వింటున్నాడు. అయ్యాక నన్ను కాదు, తన భార్యను చూస్తూ మాట్లాడాడు. "అనంతపురంలో రెండు దినాలు అంతా విప్పి చూసినారు. నాలుగు నట్లు మార్చి తిరిగిచ్చినారు. మిగతా పని ఎవురు చేసినారని అడిగినారు, ముట్టుకునేదానికి ఏమీ లేదు అన్నారు. నేను కోపంలో ఉంటి. ఎవురో ఒకరులే అన్యా." తర్వాత నా వైపు తిరిగాడు. "నేను ఎంతమంది కాడ ఆయనను అనింటానో నాకే తెలీదమ్మా. ఇంక అంతమంది కాడికీ పోవాల్నా?"

"పోవాల" అంది మేస్త్రీ కూతురు.

ఆయన తల ఊపాడు. భార్య నా పక్కకు రాలేదు. ఆ రోజు పట్టుకున్న చేతులు ఇప్పుడు పట్టుకోలేదు. నాకు రావలసింది అంతే. ఆమె మేస్త్రీ కూతురి దగ్గరికి వెళ్ళి, "మీ నాయన చేసిన పని చూసినావా పాపా ఎప్పుడన్నా?" అని అడిగింది. చూడలేదని ఆమె చెప్పింది. బాగు చేసిన బండిని మా నాయన మా ఇంటి ముందర ఒక్కసారన్నా ఆపలేదు అంది.

పెరట్లో రేకుల కొట్టంలో కారు మీద కప్పిన గుడ్డ పెద్దాయనే లాగాడు. బానెట్టు ఎత్తి ఊచతో నిలబెట్టాడు. లోపల అమెరికా ఇనుముకు జపాన్ ఇనుము అతికిన చోట్ల వెల్డింగు గీతలు చీర అంచు కుట్టులా సన్నగా, సమంగా ఉన్నాయి. కూతురు ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చూసింది. ఇంటామె మా ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. పెట్టడానికి చోటు లేక, నిండుగా ఉన్న ఒక గ్లాసును ముందు చక్రం మీది రేకు అంచున పెట్టింది. పెద్దాయన ఎడమ వైపు తలుపు తీసి కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజను లేచింది. గ్లాసు ఒలికిపోతుందని ఆమె చేయి చాపింది. చాపిన చేయి అలాగే ఆగిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళం వంగి చూస్తున్నాం. ఇంజను నడుస్తూనే ఉంది. అంచు దాకా ఉన్న మజ్జిగ మీద ఒక కరివేపాకు తేలుతోంది, అది ఉన్న చోటు నుంచి కదలడం లేదు.